ఎగపోతను ఎవరు వినాలె?
గర్భిణీల గుండె ప్రమాదాలు, చికిత్స: తాండూరు, వికారాబాద్ పల్లెల సందర్భం

మన వాడల్లో కడుపుతో ఉన్న ఆడమనిషి "ఎగపోస్తుంది, దమ్ము ఆడుత లేదు" అంటే నాలుగు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. నెలలు నిండుతున్నయి గదా, ఆ మాత్రం ఉంటది అనేది మొదటిది. రక్తం తక్కువుంది, గోలీలు మింగు అనేది రెండోది. తాండూరు నాపరాళ్ళ గనుల్లోనో, పాలిషింగ్ మిషన్ల కాడనో పనిచేసే మనిషైతే రాళ్ళ దుమ్ము పట్టిందంటారు. దగ్గు కూడా ఉంటే టీబీ అయి ఉంటది, తెమడ పరీక్ష చేయించుకో అంటారు. ఈ నాలుగింట్లో ఏదీ ఉత్త మాట కాదు. నాలుగూ మన వాడల్లో ఉన్నవే. అందుకే అయిదో ప్రశ్న అడిగేవాళ్ళుండరు: ఈమె గుండె ఎట్లుంది?

ఈ వ్యాసం ఆ అయిదో ప్రశ్న గురించి. గర్భిణికి వచ్చే గుండె ప్రమాదాల్లో చాలావరకు పిడుగు పడ్డట్టు పడేవి కావు. వారాల ముందు నుంచి చెప్పుకుంటూ వస్తాయి. అవి చెప్పే భాష ఎగపోత. ఆ భాష అర్థం చేసుకోవడానికి కొంత వైద్యం తెలియాలి. అది ఎందుకు వినబడకుండా పోతుందో అర్థం చేసుకోవడానికి కులం తెలియాలి. కార్యకర్తలకు, విద్యార్థులకు, టీచర్లకు ఈ రెండూ కలిపి తెలియడం అవసరం.

గుండె మీద పడే బరువు

గర్భం వచ్చాక ఆడమనిషి ఒంట్లో రక్తం పరిమాణం మెల్లగా పెరుగుతుంది. చివరికొచ్చేసరికి మామూలు కంటే 40 నుంచి 50 శాతం ఎక్కువవుతుంది. గుండె నిమిషానికి పంపే రక్తం 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. నాడి కూడా పది, ఇరవై దెబ్బలు ఎక్కువ కొట్టుకుంటుంది. ఈ బరువు ఏడో నెల, ఎనిమిదో నెల నాటికి దాదాపు పూర్తిగా గుండె మీద పడుతుంది.

ఇది మొదటి గండం. రెండోది నొప్పుల సమయం. గర్భసంచి ముడుచుకున్న ప్రతిసారీ అందులోని రక్తం 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా తిరిగి ఒంట్లోకి వస్తుంది. నొప్పి, భయం వల్ల నాడి, బీపీ పెరుగుతాయి. మూడోది కాన్పు అయిన వెంటనే వచ్చేది. బిడ్డ బయటపడగానే గర్భసంచి గట్టిగా ముడుచుకుంటుంది. అంతవరకూ దాని కింద నలిగిన పెద్ద సిర వదులవుతుంది. రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులు కాళ్ళలో, ఒంట్లో చేరిన నీరు కూడా మళ్ళీ రక్తంలోకి వస్తుంది.

మన ఇండ్లల్లో బిడ్డ పుట్టగానే "గండం గడిచింది" అంటారు. గుండె దెబ్బతిన్న ఆడమనిషి విషయంలో ఈ మాట ప్రమాదం. ఆమెకు కాన్పు తర్వాతి 48 నుంచి 72 గంటలే అన్నిటికంటే గడ్డుకాలం.

ఆరోగ్యంగా ఉన్న గుండె ఈ బరువంతా మోస్తుంది. దెబ్బతిన్న గుండె మోయలేదు. చిత్రమేమంటే, అది దెబ్బతిన్నదని అప్పటిదాకా ఎవరికీ తెలియకపోవచ్చు. కందిచేన్ల కూలికి పోయిన పిల్ల, బండలు ఎత్తిన పిల్ల తొలి కాన్పుకు ముందు ఒక్కనాడూ డాక్టరు ముఖం చూడకపోవచ్చు. జబ్బు పాతదే. గర్భం దాన్ని బయటపెడుతుంది.

ఇండ్ల జబ్బు

మన దేశంలో గర్భిణీల గుండెజబ్బుల్లో పెద్ద వాటా రుమాటిక్ గుండెజబ్బుది. ఇది చిన్నతనంలో మొదలవుతుంది. ఐదు నుంచి పదిహేనేళ్ళ వయసులో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి వల్ల గొంతునొప్పి వస్తుంది. తగ్గిపోతుంది. రెండు మూడు వారాల తర్వాత జ్వరం, కీళ్ళ నొప్పులు వస్తాయి. ఇయ్యాల మోకాలు, రేపు చీలమండ, ఎల్లుండి మోచెయ్యి, ఇట్లా నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారుతుంటుంది. అదీ తగ్గిపోతుంది. అయితే క్రిమి మీద యుద్ధానికి లేచిన ఒంటి రక్షణ వ్యవస్థ పొరపాటున గుండె కవాటాల మీద కూడా దాడి చేస్తుంది. జ్వరం మళ్ళీ మళ్ళీ వచ్చినకొద్దీ కవాటాలు మందమై, అతుక్కుపోతాయి.

ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇండ్లల్లో ఈ గొంతునొప్పి ఒకరి నుంచి ఒకరికి తేలికగా పాకుతుంది. ఐరోపా, అమెరికాల్లో పెన్సిలిన్ రాకముందే ఈ జబ్బు తగ్గుముఖం పట్టింది. ఇండ్లు విశాలం కావడం, బతుకులు మెరుగుపడటం దానికి పెద్ద కారణాలు. అందుకే దీన్ని క్రిమి జబ్బు అనే దానికంటే ఇండ్ల జబ్బు అనడం సబబు. వాడ ఎక్కడుంది, ఇల్లు ఎంతుంది, గొంతునొప్పికి డాక్టరు దగ్గరికి పోయే స్తోమత ఎవరికుంది అనేవి మన దేశంలో కులాన్ని విడిచి చెప్పగలిగే సంగతులు కావు.

ఈ జబ్బులో ఎక్కువగా దెబ్బతినేది మైట్రల్ కవాటం. గుండె ఎడమ వైపు పై గదికి, కింది గదికి మధ్యనున్న తలుపు ఇది. మామూలుగా దీని దారి 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లుంటుంది. అది 1.5 కంటే తగ్గితే తీవ్రమైన ఇరుకు అంటారు. ఇరుకు దారి గుండా రక్తం దిగాలంటే సమయం పడుతుంది. గర్భంతో నాడి వేగం పెరిగితే ఆ సమయం తగ్గిపోతుంది. కిందికి దిగని రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అదే ఎగపోత. దగ్గుతో పాటు నెత్తుటి చార కూడా పడొచ్చు.

ఇక్కడే టీబీతో గందరగోళం వస్తుంది. నిజాం పాలన కాలం నుంచి అనంతగిరి గుట్ట మీద క్షయ ఆసుపత్రి ఉండటంతో, ఈ ప్రాంతంలో దగ్గు, నెత్తురు, చిక్కిపోవుడు అంటే జనానికి ముందుగా గుర్తొచ్చేది అదే. టీబీ పరీక్ష చేయించాల్సిందే. కానీ తెమడలో క్రిమి కనబడకపోయినా అనుమానంతోనే టీబీ మందులు మింగుతూ, ఎగపోత తగ్గని గర్భిణికి ఎకో పరీక్ష జరిగి తీరాలి. ఎకో అంటే శబ్ద తరంగాలతో గుండెను చూడటం. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ లాంటిదే. బిడ్డకు హాని లేదు.

మిగతా కారణాలు

రక్తహీనత: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణీల్లో 53.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు 2015-16 సర్వేలో ఇది 48.2 శాతం. అంటే తగ్గాల్సింది పెరిగింది. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత. అప్పుడు పలుచని రక్తాన్నే ఎక్కువసార్లు తిప్పడానికి గుండె పరుగులు తీస్తుంది. 5 కంటే తగ్గితే ఇంకే జబ్బు లేకున్నా గుండె చేతులెత్తేయొచ్చు. కాబట్టి "రక్తం తక్కువుంది" అనే జవాబు గుండె ప్రశ్నను మూసెయ్యకూడదు. అదే ఆ ప్రశ్నకు తలుపు తెరవాలి.

బీపీ: గర్భంతో వచ్చే బీపీ 160/110 చేరితే అది అత్యవసర పరిస్థితి. ఫిట్స్ వస్తాయని అందరికీ తెలుసు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఎగపోత కూడా వస్తుందని తక్కువమందికి తెలుసు.

గుండె కండరం జబ్బు: అంతవరకూ ఏ జబ్బూ లేని ఆడమనిషికి గర్భం చివరి నెలలోనో, కాన్పు తర్వాత అయిదు నెలల లోపో గుండె కండరం బలహీనపడిపోవచ్చు. పెరిపార్టమ్ కార్డియోమయోపతి అంటారు దీన్ని. కవల పిల్లల తల్లులకు, బీపీ ఉన్నవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. బాలింత కాళ్ళు పొంగితే, పడుకుంటే దమ్ము ఆడకపోతే మనవాళ్ళు "బాలింత వాపు", "పథ్యం తప్పింది" అంటారు. వినాల్సిన మాట ఇక్కడా పోతుంది.

కవాటం మార్చినవాళ్ళు: 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదింటి ఆడపిల్లలకు కూడా గుండె ఆపరేషన్లు అందాయి. ఇది చిన్న విషయం కాదు. కానీ లోహపు కవాటం పెట్టించుకున్న మనిషి జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మందు వాడాలి. గర్భం వచ్చిందని ఎవరినీ అడగకుండా మందు ఆపేస్తే కవాటంలో గడ్డ కట్టి ప్రాణం పోవచ్చు. వార్ఫరిన్ లాంటి మందు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య బిడ్డ అవయవాల మీద ప్రభావం చూపొచ్చు. మందు మోతాదును బట్టి, నెలను బట్టి ఎప్పుడు ఏది వాడాలో గుండె డాక్టరు నిర్ణయించాలి. నెల తప్పిన వారంలోనే ఆ డాక్టరును కలవాలన్న మాట ఆ పిల్లకు పెండ్లికి ముందే చెప్పి ఉండాలి.

పుట్టుకతో వచ్చిన గుండె రంధ్రాలు, నాడి గతి తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, అరుదుగా గుండెపోటు కూడా గర్భిణీలకు వస్తాయి. రంధ్రం వల్ల ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల ఒత్తిడి పెరిగి పెదాలు, గోళ్ళు నీలంగా మారినవాళ్ళకు గర్భం ప్రాణాంతకం. వాళ్ళు గర్భం రాకముందే డాక్టరు సలహా తీసుకోవాలి.

మామూలు ఆయాసం ఏది, ప్రమాదపు ఆయాసం ఏది

గర్భంలో కొంత ఆయాసం సహజమే. అది మెల్లగా వస్తుంది. ఒక్క నిమిషం కూర్చుంటే సర్దుకుంటుంది. రాత్రి నిద్ర లేపదు. కింద చెప్పినవి అట్లా కావు:

వెల్లకిల పడుకోలేకపోవడం, రెండు మూడు దిండ్లు పెట్టుకోవాల్సి రావడం, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోవడం.

నడిరాత్రి దమ్ము ఆడక లేచి కూర్చోవడం.

కూర్చున్నప్పుడు కూడా గుండె దడదడ కొట్టుకోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం.

ఛాతీలో నొప్పి, బరువు.

నెత్తుటి చారతోనో, గులాబీ రంగు నురగతోనో దగ్గు.

పోయిన వారం చేసిన పని ఈ వారం చేయలేకపోవడం.

వీటిలో ఒక్కటి ఉన్నా అదే రోజు డాక్టరు చూడాలి. కూర్చుని ఉన్నప్పుడు నాడి నిమిషానికి 110 దాటినా, ఊపిరి 24 సార్లు దాటినా, వేలికి పెట్టే ఆక్సీమీటర్ 95 కంటే తక్కువ చూపినా అంతే. ఊపిరి లెక్కపెట్టడానికి మిషన్ అక్కర్లేదు. గడియారం, ఒక్క నిమిషం ఓపిక చాలు.

ప్రమాదం వచ్చినప్పుడు

ఇంటి దగ్గర: మనిషిని పడుకోబెట్టొద్దు. కూర్చోబెట్టి, వీపుకు ఆసరా ఇచ్చి, కాళ్ళు కిందికి వేలాడదీయాలి. 108కు ఫోన్ చేసి "నొప్పులు" అని ఊరుకోకుండా "గర్భిణి, ఊపిరి ఆడుత లేదు" అని స్పష్టంగా చెప్పాలి. తల్లీబిడ్డల కార్డు, మింగుతున్న మందులు, పాత ఎకో కాగితం ఉంటే అది, అన్నీ వెంట పెట్టాలి. "నీరసంగా ఉంది, ఒక సెలైన్ ఎక్కిద్దాం" అని ఊరి ఆర్ఎంపీ దగ్గర ఆగొద్దు. ఊపిరితిత్తుల్లో నీరున్న మనిషికి సెలైన్ ఎక్కిస్తే నీట మునిగినోళ్ళ మీద ఇంకో బిందె పోసినట్టే.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో: కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టాలి. బీపీ, నాడి చూడాలి, ఈసీజీ తీయాలి. ఊపిరితిత్తుల్లో నీరుందని డాక్టరు నిర్ణయిస్తే లాసిక్స్ అని అందరికీ తెలిసిన ఫ్యూరోసెమైడ్ సూదిమందు నరానికి ఇస్తారు. బీపీ ఎక్కువుంటే తగ్గించే మందు, ఫిట్స్ వచ్చినా, వచ్చేటట్టున్నా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. ఎనలాప్రిల్ లాంటి బీపీ గోలీలు గర్భిణికి పనికిరావు. పంపేముందు, చేరబోయే ఆసుపత్రికి ఫోన్ చేయడం కూడా చికిత్సలో భాగమే.

పెద్దాసుపత్రిలో: చికిత్స జబ్బును బట్టి మారుతుంది. మైట్రల్ ఇరుకు అయితే నాడిని నెమ్మది చేసే మందులు ముఖ్యం. నాడి తగ్గితే ఇరుకు తలుపు గుండా రక్తం దిగడానికి సమయం దొరుకుతుంది. మందులతో అదుపు కాకపోతే తొడ దగ్గరి సిర గుండా బెలూన్ పంపి కవాటాన్ని తెరుస్తారు. జపాన్ సర్జన్ కాంజీ ఇనౌ 1984లో ప్రచురించిన పద్ధతి ఇది. ఛాతీ కోయనక్కర్లేదు. కవాటం అనువుగా ఉంటే గర్భంలో కూడా, ముఖ్యంగా నాలుగో నెల దాటాక, చేయొచ్చు. నాడి గతి తప్పి మనిషి కుప్పకూలితే గుండెకు విద్యుత్ షాక్ ఇవ్వడానికి గర్భం అడ్డం కాదు. కండరం బలహీనపడితే నీరు తగ్గించే మందులు, గుండెకు ఆసరా మందులు ఇస్తారు. తీవ్రమైన రక్తహీనతలో రక్తం ఎక్కించాల్సిందే, కానీ ఎర్రకణాలు వేరుచేసిన రక్తాన్ని ఒక్కో సీసా మెల్లగా, కాపలా కాస్తూ ఎక్కించాలి. హడావుడిగా ఎక్కిస్తే మందే ప్రమాదం అవుతుంది.

గుండె ఆగిపోతే: ఛాతీ మధ్యన గట్టిగా, వేగంగా నొక్కడం అందరికీ చేసినట్టే చేయాలి. బొడ్డు దాకా పెరిగిన కడుపైతే ఇంకొకరు రెండు చేతులతో కడుపును ఎడమ పక్కకు నెట్టి పట్టుకోవాలి. అప్పుడే పెద్ద సిర మీద బరువు తగ్గి గుండెకు రక్తం చేరుతుంది. ఆసుపత్రిలో నాలుగు నిమిషాలకు కూడా గుండె తిరిగి కొట్టుకోకపోతే అక్కడికక్కడే ఆపరేషన్ మొదలుపెట్టి అయిదో నిమిషానికి బిడ్డను తీయాలని వైద్య నియమం. ఇది బిడ్డ కోసమే అనుకుంటారు. మొదట తల్లి కోసం. బిడ్డను తీస్తే తల్లి గుండె మళ్ళీ అందుకునే అవకాశం పెరుగుతుంది.

కాన్పు: గుండెజబ్బు ఉందంటే ఆపరేషన్ తప్పదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎక్కువమందికి మామూలు కాన్పే మంచిది. నొప్పి తెలియకుండా మందిచ్చి, చివర ఎక్కువ ముక్కకుండా వాక్యూమ్‌తోనో పట్టుకారుతోనో సాయం చేస్తారు. ఆపరేషన్ కొన్ని జబ్బుల్లోనే అవసరం. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. అన్నిటికీ కత్తి పట్టే చోట ఈ తేడా గుర్తుంచుకోవాలి. రక్తస్రావం ఆపడానికి వాడే మెథర్జిన్ సూది గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళకు ప్రమాదం. ఆక్సిటోసిన్ కూడా నరానికి ఒక్కసారిగా ఇవ్వకూడదు, మెల్లగా ఇవ్వాలి. ఆ తర్వాత మూడు రోజులు నాడి, ఊపిరి, ఆక్సిజన్ చూస్తూ ఉండాలి. ఇంటికి పంపేముందు కుటుంబ నియంత్రణ గురించి మాట్లాడాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గోలీలు చాలా గుండెజబ్బుల్లో పనికిరావు.

తాండూరు నుంచి హైదరాబాద్ దాకా

తల్లుల మరణాల్లో మూడు ఆలస్యాలుంటాయని 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు చెప్పారు. పోవాలని నిర్ణయించడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక చికిత్స అందడంలో ఆలస్యం. మన జిల్లాకు ఇది అచ్చంగా సరిపోతుంది.

వికారాబాద్ 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి నుంచి విడిపోయి జిల్లా అయింది. తాండూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. 108 అంబులెన్సులు 2005 నుంచి తిరుగుతున్నాయి. 2019-21 సర్వే నాటికి రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అంటే మొదటి రెండు ఆలస్యాలు కొంత తగ్గాయి. మూడోది మిగిలింది. కాన్పు చేయగలిగిన ప్రతి ఆసుపత్రీ బెలూన్ చికిత్స చేయలేదు. దానికి చాలావరకు హైదరాబాద్ పోవాలి. తాండూరు నుంచి వంద కిలోమీటర్ల పైన, వికారాబాద్ నుంచి డెబ్భై కిలోమీటర్ల దాకా రోడ్డు.

హైదరాబాద్ చేరాక ఇంకో చిక్కుంది. పేట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులు ఒకచోట, ఉస్మానియా, నిమ్స్ గుండె విభాగాలు మరోచోట. గాంధీ ఆసుపత్రిలో రెండు విభాగాలూ ఉన్నాయి. ఎక్కడికి పంపాలో ముందే మాట్లాడుకోకపోతే కాన్పు డాక్టరు గుండె డాక్టరు దగ్గరికి, గుండె డాక్టరు కాన్పు డాక్టరు దగ్గరికి పంపుతుంటే గంటలు పోతాయి. గంటలు పోయేది ఎవరికి? వెంట మాట్లాడే మనిషి లేనోళ్ళకు, తెలిసిన డాక్టరు లేనోళ్ళకు.

ఇంకో సంగతి. తాండూరు, బషీరాబాద్, కొడంగల్ వైపు సంబంధాలు సేడం, చించోళి దాకా ఉంటాయి. అత్తగారిది ఒక రాష్ట్రం, తల్లిగారిది ఒక రాష్ట్రం. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోయిన పిల్ల వెంట ఆమె కాగితాలు పోవు. ముంబై, పుణెలకు వలసపోయి ఏడో నెలలో తిరిగొచ్చిన మనిషి ఏ ఊరి రిజిస్టర్‌లోనూ ఉండదు. గుండె బరువు నిండా పడేది సరిగ్గా ఆ నెలల్లోనే.

ముట్టుకోకుండా తెలిసే జబ్బు కాదు

1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు గుండెజబ్బు లక్షణాలున్న ఒక యువతి ఛాతీ మీద చెవి పెట్టడానికి మొహమాటపడి, కాగితం గొట్టంలా చుట్టి దాని గుండా విన్నాడు. స్టెతస్కోపు అట్లా పుట్టింది. గుండెజబ్బున్న ఒక ఆడమనిషిని వినడం కోసం పుట్టిన పనిముట్టు అది.

ఈ జబ్బును ముట్టుకోకుండా కనిపెట్టలేం. నాడి పట్టాలి, ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించాలి, కాలి వాపు మీద వేలు నొక్కి చూడాలి, రాత్రి ఎట్లా పడుకున్నవని అడిగి జవాబు వచ్చేదాకా ఆగాలి. రద్దీలో బీపీ పట్టీ చుట్టి, గోలీలు చేతిలో వేసి పంపేచోట ఈ పనుల్లో ఏదీ జరగదు. ఎవరి విషయంలో జరగదు అన్నది దళిత అధ్యయనం అడగాల్సిన ప్రశ్న. ఒకనాడు మన పల్లెల్లో ఊరందరి కాన్పులు చేసిన మంత్రసానుల్లో మాల, మాదిగ, చాకలి, మంగలి ఇండ్ల ఆడోళ్ళు ఎంతోమంది. కాన్పును మైల అన్న సమాజం ఆ మైలను ముట్టే పని వాళ్ళకు అప్పగించింది. ఊరి ఆడోళ్ళను ముట్టి బతికించిన చేతులవి. ఆ ఇండ్ల ఆడపిల్ల గర్భిణిగా పోయినప్పుడు ఆమెను ముట్టి చూసే చెయ్యి కావాలంటున్నాం. ఇది దయ అడగడం కాదు.

లెక్కలు చూద్దాం. తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2014-16లో 81, 2018-20లో 43. అదే 2018-20లో దేశం సగటు 97. మంచి మార్పే. కానీ ఈ లెక్క కులం వారీగా ప్రచురించబడదు. ఆ 43 ఎవరి ఇండ్లల్లో అన్నది ఆ లెక్కలో కనబడదు. ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం 2018 నివేదిక ఒకటి చెప్పింది: మన దేశంలో చనిపోయిన దళిత స్త్రీల సగటు వయసు అగ్రవర్ణ స్త్రీల కంటే 14.6 ఏళ్ళు తక్కువ. అమెరికాలో గర్భ సంబంధ మరణాలను జాతి వారీగా లెక్కిస్తారు. అక్కడ నల్లజాతి స్త్రీలు తెల్లవాళ్ళ కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చనిపోతున్నారని, ఆ దేశంలోని ఈ మరణాల్లో గుండె, రక్తనాళాల జబ్బులే పెద్ద కారణమని తెలిసింది. లెక్కించారు కాబట్టి అడగగలుగుతున్నారు. లెక్కించని చోట అడగడమే కష్టం.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థించారు. కాన్పుకు ముందు తల్లికి విశ్రాంతి దొరకడం జాతి ప్రయోజనమని వాదించారు. 1943లో వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా గనుల్లో పనిచేసే స్త్రీల ప్రసూతి చట్టానికి సవరణ తెచ్చారు. ఈ రెండో సంగతి తాండూరులో గుర్తుచేసుకోవాల్సింది. గని పని చేసే గర్భిణికి విశ్రాంతి హక్కు ఎనభై ఏళ్ళ కిందటే చర్చకొచ్చింది. హాజరు పుస్తకంలో పేరే లేని రోజుకూలీకి ఆ హక్కు ఇంకా అందలేదు. ఎనిమిదో నెలలో బండలెత్తే గుండెకు మందు ముందు విశ్రాంతి కావాలి.

మనం చేయగలిగింది

టీచర్లు: బడిలో, సంక్షేమ హాస్టళ్ళలో గొంతునొప్పి తర్వాత కీళ్ళ నొప్పులతో బాధపడే పిల్లను "ఎదుగుదల నొప్పులు" అని వదలొద్దు. డాక్టరుకు చూపించాలి. రుమాటిక్ జ్వరం అని తేలితే మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి తప్పకుండా వేయించాలి. ఆ పిల్ల ఇరవయ్యో ఏట కాన్పును ఈ సూదే కాపాడుతుంది.

కార్యకర్తలు: ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణీలకు డాక్టరు పరీక్ష చేసే కార్యక్రమం 2016లో మొదలైంది. ఆ రోజు వాడ నుంచి అందరినీ తీసుకుపోయి, ఛాతీ విని చూడమని అడగాలి. ఎగపోత ఉన్నవాళ్ళకు ఎకో రాయమని అడగాలి. తాండూరు, వికారాబాద్ ఆసుపత్రుల్లో ఎకో తీసే డాక్టరు వారానికి కొన్ని రోజులైనా ఉండాలన్న డిమాండ్ పెట్టాలి. బెలూన్ చికిత్సకు ఆరోగ్యశ్రీ డబ్బు ఇవ్వగలదు. జబ్బు ఉందని ముందు ఎవరైనా కనిపెడితేనే కదా ఆ కార్డుకు పని. ఎవరైనా చనిపోతే, 2010 నుంచి ఉన్న ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఆ మరణంపై సమీక్ష జరగాలి, కుటుంబాన్ని అడగాలి. ఆ కుటుంబం పక్కన కూర్చుని, ఎగపోత ఎన్నాళ్ళ నుంచి ఉంది, ఎవరికి చెప్పారు, ఏం జవాబొచ్చింది అన్నవి కాగితం మీదికి ఎక్కించాలి.

విద్యార్థులు: మీ మండలంలో జరిగిన తల్లుల మరణాలను ఊరు, కులం, పని, కారణం వారీగా రాసిపెట్టండి. పేర్లు బయటపెట్టక్కర్లేదు. ప్రచురించని లెక్కను మనమే మొదలుపెట్టాలి.

ఇక ఇంట్లో ఉన్న మనందరం గర్భిణిని, బాలింతను వారానికోసారి అడగాల్సినవి మూడు మాటలు: వెల్లకిల పడుకోగలుగుతున్నవా? రాత్రి దమ్ము ఆడక లేస్తున్నవా? పోయిన వారం చేసిన పని ఈ వారం చేయగలుగుతున్నవా? బాలింతనైతే అయిదు నెలలు నిండేదాకా అడగాలి. జవాబు తేడాగా ఉంటే అదే రోజు దవాఖానకు బయలుదేరాలి.